మీ లెక్క – నా జవాబు: వర్గ సమీకరణంలో నడుమ ఎక్కడ, ఎడం ఎంత?

ఈసారి ఉత్తరాలు దాదాపు అన్నీ ఒకే పాఠం మీద వచ్చాయి: వర్గ సమీకరణానికి మూలాలు, అంటే దాన్ని నిజం చేసే ఎక్స్ విలువలు, కనుక్కోవడం. హైస్కూలు పిల్లలకు 31 ఏళ్లు చెప్పిన పాఠం ఇది. కొన్నేళ్లు మూడు సెక్షన్లకు మూడుసార్లు చెప్పాను. రాసినవాళ్లు ఎవరో తెలియకపోయినా, నోటుబుక్కులో ఏ వరుస దగ్గర పెన్ను ఆగిందో నాకు కళ్లకు కట్టినట్టే ఉంది. కొన్నిటికి వివరంగా, కొన్నిటికి రెండు ముక్కల్లో రాస్తున్నాను.

ప్రశ్న: టీచర్ గారూ, మా అమ్మాయికి సూత్రం కంఠతా వచ్చు. నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెబుతుంది. కానీ 2ఎక్స్² − 7ఎక్స్ + 3 = 0 అనే లెక్కను మూడుసార్లు చేసి మూడు రకాల జవాబులు తెచ్చింది. ఒకసారి −3, −1/2. ఇంకోసారి వర్గమూలం గుర్తు కింద −73 వచ్చి ఆగిపోయింది. మూడోసారి 33/4, 23/4. తర్వాత పుస్తకం మూసేసి ఏడ్చింది. ఇంకా ప్రాక్టీసు చెయ్యమనడం తప్ప ఏం చెప్పాలో నాకు తోచడం లేదు. – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ మూడు కాగితాలూ దాచండి, పారేయకండి. మూడు తప్పులూ మూడు వేరువేరు చోట్ల జరిగాయి. సమీకరణాన్ని ఏఎక్స్² + బీఎక్స్ + సీ = 0 అని చూస్తే ఇక్కడ ఏ 2, బీ −7, సీ 3. మొదటిసారి బీ విలువే −7 కాబట్టి −బీ అంటే +7 కావాలి, పాప −7గానే దించేసింది. రెండోసారి −7ని బ్రాకెట్లో పెట్టకుండా వర్గం చేయడంతో 49 రావలసిన చోట −49 వచ్చింది. మూడోసారి (7 ± 5)/4 లో గీత కింద ఉన్న 4 పైనున్న మొత్తానికీ చెందుతుందని మరిచిపోయి, 5ని మాత్రం భాగించి 7ని వదిలేసింది. ఈ మూడూ కనబడని ఏడాది నా ఉద్యోగంలో ఒక్కటీ లేదు. బాగా చదివే పిల్లలూ చేస్తారు. అర్థం తెలియని పద్యాన్ని అప్పజెప్పేటప్పుడు ఒక అక్షరం జారినా నోటికి తెలియదు కదా, ఇదీ అంతే. అందుకే ఎక్కువసార్లు అప్పజెప్పిస్తే ఇది కుదరదు.

రేపు పాపను కూర్చోబెట్టి, సూత్రం రాయకముందే ఒక ప్రశ్న అడగండి. ఈ సమీకరణంలో ఎక్స్ స్థానంలో ఏదైనా ఋణ సంఖ్య పెడితే ఏమవుతుంది? 2ఎక్స్² ధనం. −7ఎక్స్ కూడా ధనం అవుతుంది. +3 ఎలాగూ ధనమే. మూడు ధన సంఖ్యలు కలిపితే సున్నా ఎలా వస్తుంది? అంటే దీనికి ఋణ మూలం ఉండనే ఉండదు. ఈ ఒక్క చూపుతో −3, −1/2 తప్పని లెక్క మొదలుపెట్టకముందే తెలిసిపోతుంది.

తర్వాత ఇంకో రెండు ప్రశ్నలు. రెండు మూలాలకూ సరిగ్గా నడుమ ఏ సంఖ్య ఉంది? ఆ నడుమ నుంచి ఒక్కో మూలం ఎంత ఎడంలో ఉంది? మూలాలు కనుక్కోవడమంటే ఈ రెండిటికీ జవాబు చెప్పడమే. ఎడం రెండు వైపులా ఒకటే, ఎందుకంటే నడుమ అంటేనే అది.

నడుమ తెలియాలంటే మూలాల మొత్తం తెలిస్తే చాలు, అందులో సగమే నడుమ. మూలాలు ఆల్ఫా, బీటా అయితే సమీకరణం (ఎక్స్ − ఆల్ఫా)(ఎక్స్ − బీటా) = 0 అవుతుంది. గుణించి విప్పితే ఎక్స్² − (ఆల్ఫా + బీటా)ఎక్స్ + ఆల్ఫా × బీటా = 0. అంటే ఎక్స్² ముందు 1 ఉన్నప్పుడు, ఎక్స్ గుణకాన్ని గుర్తు మార్చి చదివితే మూలాల మొత్తం, చివరి స్థిరపదం మూలాల లబ్ధం. పాప లెక్కను 2తో భాగిస్తే ఎక్స్² − (7/2)ఎక్స్ + 3/2 = 0. మొత్తం 7/2, నడుమ 7/4. ఒక గీత గీయించి 7/4 దగ్గర చుక్క పెట్టించండి.

ఇక ఎడం. మూలాలు (7/4 + ఎడం), (7/4 − ఎడం). వీటి లబ్ధం 49/16 − ఎడం². అది 3/2 కావాలి, అంటే 24/16. కాబట్టి ఎడం² = 25/16, ఎడం = 5/4. చుక్క నుంచి కుడికి 5/4 వెళితే 3, ఎడమకు 5/4 వస్తే 1/2. లెక్క అయిపోయింది. సూత్రం పేరు కూడా ఎత్తలేదు.

ఈ ఆలోచన నాది కాదమ్మా. సుమారు 4,000 ఏళ్ల కిందటి బాబిలోనియా మట్టిపలకల మీద, పొడవూ వెడల్పూ కలిపితే ఇంత, వైశాల్యం ఇంత, పొడవెంత వెడల్పెంత అన్న లెక్కలున్నాయి. వాటిని చేసిన పద్ధతి ఇదే: మొత్తంలో సగం తీసుకో, దాని వర్గం చెయ్యి, అందులోంచి వైశాల్యం తీసెయ్యి, వర్గమూలం కట్టు, సగానికి ఒకసారి కలుపు, ఒకసారి తీసెయ్యి. వాళ్లకు ఎక్స్ లేదు, సమానం గుర్తు లేదు, ఋణ సంఖ్యలు లేవు. నడుమ, ఎడం మాత్రం ఉన్నాయి.

ఇప్పుడు అంకెల స్థానంలో అక్షరాలు పెట్టి ఇదే పని చేయమనండి. మొత్తం −బీ/ఏ. నడుమ −బీ/2ఏ. లబ్ధం సీ/ఏ. ఎడం² = బీ²/4ఏ² − సీ/ఏ = (బీ² − 4ఏసీ)/4ఏ². వర్గమూలం కట్టి నడుమకు ఒకసారి కలిపి, ఒకసారి తీసేస్తే, తను నిద్రలో కూడా చెప్పే సూత్రమే ఎదురుగా వచ్చి నిలబడుతుంది:

ఎక్స్ = (−బీ ± √(బీ² − 4ఏసీ)) / 2ఏ

± గుర్తుకు ముందున్నది నడుమ, తర్వాతది ఎడం, 2ఏ ఇద్దరికీ ఉమ్మడి హారం. ఇది తెలిసిన పిల్ల 7ని వదిలేసి 5ని మాత్రమే భాగించదు, ఎందుకంటే నడుమ 7/4 అని తనే చుక్క పెట్టింది కదా.

భిన్నాలంటే భయపడే పిల్లలకు ఇంకో దారి ఉంది, నాకు చాలా ఇష్టమైన దారి. పాతకాలపు భారతీయ గణితజ్ఞుడు శ్రీధరుడు చెప్పినది. ఆయన బీజగణిత గ్రంథం మనకు దక్కలేదు. ఈ నియమం మాత్రం 1150లో రెండో భాస్కరుడు తన బీజగణితంలో ఉదాహరించడం వల్ల మిగిలింది. ఆ నియమం ఇది: సమీకరణం మొత్తాన్నీ 4ఏ తో గుణించు, రెండు వైపులా బీ² కలుపు, వర్గమూలం కట్టు. పాప లెక్కలో 4ఏ అంటే 8. 8తో గుణిస్తే 16ఎక్స్² − 56ఎక్స్ + 24 = 0. 24ను అవతలికి పంపి 49 కలిపితే 16ఎక్స్² − 56ఎక్స్ + 49 = 25. ఎడమ వైపున్నది (4ఎక్స్ − 7)². అంటే 4ఎక్స్ − 7 అనేది 5 గాని, −5 గాని. 4ఎక్స్ = 12 లేదా 2. మొదటి నుంచి వర్గమూలం దాకా ఒక్క భిన్నం లేదు. మొదట 2తో భాగించి భిన్నాలతో కుస్తీ పట్టే బదులు 8తో గుణించి వాటిని రాకుండానే చేయడంలో ఎంత ఆలోచన ఉందో చూడండి.

పాపకు వారం రోజులు సూత్రం రాయకుండా పది లెక్కలు ఇలా చేయించండి. ఎనిమిదో రోజు సూత్రం వాడుకోనివ్వండి. అప్పుడు తప్పు రాసినా తన కంటికే తేడాగా కనబడుతుంది.

ప్రశ్న: మేడమ్, ఎక్స్² = 5ఎక్స్ అని ఇచ్చారు. రెండు వైపులా ఎక్స్ కొట్టేసి ఎక్స్ = 5 అని రాశాను. సగం మార్కులే వేశారు. 5 పెడితే 25 = 25 సరిపోయింది కదా? – ఒక విద్యార్థి

జవాబు: సరిపోయింది బాబూ, నీ 5 నిజమైన మూలమే. కానీ ఇంకొకటి నీ చేతుల్లోంచే జారిపోయింది. ఎక్స్ స్థానంలో 0 పెట్టి చూడు: 0 = 0. అదీ మూలమే. నువ్వు ఎక్స్ కొట్టేసినప్పుడు నిజానికి రెండు వైపులా ఎక్స్ తో భాగించావు. సున్నాతో భాగించకూడదు కాబట్టి, ఆ నిమిషంలో ఎక్స్ సున్నా కాదని నీకు నువ్వే ఒప్పేసుకున్నావు. ఎవరూ అడగకుండానే సున్నాను బయటికి పంపేశావు.

అన్నిటినీ ఒక వైపుకు తెచ్చుకో. ఎక్స్² − 5ఎక్స్ = 0, ఎక్స్(ఎక్స్ − 5) = 0. లబ్ధం సున్నా అయితే రెండిట్లో కనీసం ఒకటి సున్నా. ఈ ఒక్క నియమం మీదే కారణాంకాల పద్ధతి అంతా నిలబడి ఉంది. అందుకే అవతలి వైపు 0 ఉండి తీరాలి. (ఎక్స్ − 2)(ఎక్స్ − 3) = 6 అని ఉంటే ఎక్స్ − 2 = 6 అని రాసే పిల్లల్ని చూశాను. 6 అవడానికి 2 × 3, 1 × 6, 12 × 1/2, లెక్కలేనన్ని దారులు. లబ్ధాన్ని చూసి ఒక కారణాంకం విలువ తేల్చి చెప్పగల గుణం సున్నాకు మాత్రమే ఉంది. ఆ లెక్కను విప్పి ఒక వైపుకు తెస్తే మళ్లీ నీ ఎక్స్² − 5ఎక్స్ = 0 యే వస్తుంది, చేసి చూడు.

ప్రశ్న: మధ్యపదాన్ని విడగొట్టడానికి సంఖ్యల కోసం వెతుకుతూ పరీక్షలో పది నిమిషాలు పోయాయి. ఎంతసేపు వెతకాలి, ఎప్పుడు మానెయ్యాలి?

జవాబు: వెతకడం మొదలుపెట్టకముందే దొరుకుతాయో లేదో తెలుసుకోవచ్చు. గుణకాలు పూర్ణాంకాలైతే బీ² − 4ఏసీ, అంటే విచక్షణి, ముందు లెక్కగట్టండి. అది 0, 1, 4, 9, 16 లాంటి పూర్ణవర్గం అయితే కారణాంకాలు తప్పక దొరుకుతాయి. కాకపోతే ఎంత వెతికినా దొరకవు. 6ఎక్స్² + ఎక్స్ − 12 = 0 లో విచక్షణి 1 + 288 = 289, అది 17². కాబట్టి ఉన్నాయి: లబ్ధం 6 × (−12) = −72, మొత్తం ఎక్స్ గుణకం 1 వచ్చేవి 9, −8. (2ఎక్స్ + 3)(3ఎక్స్ − 4) = 0, మూలాలు −3/2, 4/3. అదే ఎక్స్² + 5ఎక్స్ + 3 = 0 అయితే విచక్షణి 13. ఇక వెతకొద్దు, సూత్రంతో (−5 ± √13)/2 రాసి ముందుకు వెళ్లండి.

మనసులో మాట ఒకటి చెప్పనివ్వండి. పాఠ్యపుస్తకాల్లో లెక్కలు కారణాంకాలు దొరికేలా ఏరి కూర్చినవి. దాంతో పిల్లలకు ప్రతి సమీకరణమూ అలా విడిపోతుందన్న భ్రమ కలుగుతుంది. ఎవరూ ఏరి పెట్టని లెక్కలో విచక్షణి పూర్ణవర్గం కావడం అరుదు. విడగొట్టడం నేర్పాలి, అందులో సంఖ్యలతో చనువు పెరుగుతుంది. కానీ దాన్నే అసలు పద్ధతిగా, సూత్రాన్ని గతిలేని దారిగా చెప్పడం సరికాదని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: రాత లెక్కల్లో రెండు మూలాలు వస్తాయి. మాస్టారు 'ఋణ విలువ తీసుకోకూడదు' అని ఒకదాన్ని కొట్టేస్తారు. వచ్చిన జవాబును మన ఇష్టప్రకారం కొట్టేయడం న్యాయమేనా? – ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: చాలా మంచి ప్రశ్న అమ్మా. ఇష్టప్రకారం కొట్టేయడం న్యాయం కాదు. నేనూ ఒకసారి ఆ అన్యాయం చేశాను. రెండు వరుస పూర్ణాంకాల లబ్ధం 56 అయితే అవేమిటి అని పరీక్షలో ఇచ్చాను. ఎక్స్² + ఎక్స్ − 56 = 0, మూలాలు 7, −8. ఒక అబ్బాయి 7, 8 అనీ, −8, −7 అనీ రెండు జంటలు రాశాడు. చేయి అలవాటైపోయి రెండో జంట మీద ఎర్ర గీత గీసేశాను. పేపర్లు ఇచ్చాక వాడు బల్ల దగ్గరికొచ్చి నెమ్మదిగా, 'పూర్ణాంకాలు అన్నారు కదా టీచర్, సహజ సంఖ్యలు అనలేదు కదా' అన్నాడు. ప్రశ్న మళ్లీ చదివాను. వాడు చెప్పింది నిజం. ఆ గీత పక్కన మార్కులు వేసి సంతకం పెట్టాను. ఆ రోజు నుంచి ఏ మూలాన్నీ సమస్యలోని మాటలు మళ్లీ చదవకుండా కొట్టలేదు.

సమీకరణానికి మన కథ తెలియదు. పొలం పొడవో, మనుషుల సంఖ్యో, ఉష్ణోగ్రతో దానికి పట్టదు. తన షరతుకు సరిపోయే ప్రతి సంఖ్యనూ అది తెచ్చి ఇస్తుంది. ఏది కథకు సరిపోతుందో చూడటం మన పని. ఈ తేడాను భాస్కరుడు రెండు కోతుల లెక్కలతో చూపించిన తీరు నాకెంతో ఇష్టం. ఒకదాంట్లో, గుంపులో ఎనిమిదో వంతును వర్గం చేస్తే వచ్చినన్ని కోతులు ఆడుకుంటున్నాయి, మిగిలినవి 12. గుంపులో ఎన్ని? (ఎక్స్/8)² + 12 = ఎక్స్. మూలాలు 16, 48. పదహారైతే 4 ఆడుకుంటూ 12 మిగులుతాయి. నలభై ఎనిమిదైతే 36 ఆడుకుంటూ 12 మిగులుతాయి. రెండూ నిలుస్తాయి, రెండూ జవాబులే.

ఇంకోదాంట్లో, గుంపులో ఐదో వంతులోంచి మూడు తీసేసి వర్గం చేస్తే వచ్చినన్ని గుహలోకి పోయాయి, ఒకటి మాత్రం కొమ్మ మీద కనబడింది. (ఎక్స్/5 − 3)² + 1 = ఎక్స్. మూలాలు 50, 5. రెండూ ధన సంఖ్యలే, 'ఋణం కొట్టెయ్' అనే సూత్రం ఇక్కడ పనికిరాదు! 50 పెడితే పదిలో మూడు పోగా 7, వర్గం 49, కొమ్మ మీది ఒకటితో 50. బాగుంది. 5 పెడితే ఐదో వంతు 1, అందులోంచి 3 తీసేయాలి. ఒక కోతిలోంచి మూడు కోతుల్ని ఎలా తీస్తాం? −2 ని వర్గం చేస్తే 4 అయి సమీకరణం సరిపోయింది కానీ, కథ నడుమ దారిలో విరిగింది. భాస్కరుడు 5ను అందుకే తీసుకోవద్దన్నాడు. కాబట్టి మూలాన్ని సమీకరణంలో పెట్టి చూడటం ఒక్కటే చాలదు, కథలో మొదటి మాట నుంచి చివరి మాట దాకా నడిపించి చూడాలి.

ఇంకో రకం కూడా ఉంది, దాన్ని దీనితో కలపకండి. √(ఎక్స్ + 6) = ఎక్స్ అనే సమీకరణాన్ని రెండు వైపులా వర్గం చేస్తే ఎక్స్² − ఎక్స్ − 6 = 0, దాని మూలాలు 3, −2. కానీ −2 పెడితే ఎడమ వైపు √4, అంటే 2; కుడి వైపు −2. మొదటి సమీకరణానికే అది జవాబు కాదు. మనం వర్గం చేసినప్పుడు మధ్యలో వచ్చి చేరింది. దీన్ని కొట్టేయడానికి కథ అక్కర్లేదు, మొదటి సమీకరణమే చాలు.

ప్రశ్న: విచక్షణి ఋణం వస్తే 'మూలాలు లేవు' అని రాయాలా, 'వాస్తవ మూలాలు లేవు' అని రాయాలా?

జవాబు: 'వాస్తవ' అన్న మాట రాయండి. ఎక్స్² − 4ఎక్స్ + 13 = 0 తీసుకోండి. నడుమ 2, ఎడం² = 4 − 13 = −9. నడుమ ఉంది, సంఖ్యారేఖ మీద ఆ వర్గానికి సరిపడే ఎడం లేదు. ఎక్స్² − 4ఎక్స్ + 13 విలువల గ్రాఫు, అంటే పరావలయం, గీస్తే ఎక్స్ = 2 దగ్గర 9 ఎత్తు వరకే దిగి మళ్లీ పైకి పోతుంది, అక్షాన్ని తాకదు. సంకీర్ణ సంఖ్యలు (ఐ² = −1 అయ్యే ఐ ఉన్నవి) నేర్చుకున్నాక ఎడం 3ఐ అవుతుంది, మూలాలు 2 + 3ఐ, 2 − 3ఐ. మొత్తం 4, లబ్ధం 4 + 9 = 13. నడుమా ఎడం లెక్క అక్కడా చెక్కుచెదరలేదు.

ప్రశ్న: 'మూలం' అని ఎందుకన్నారు?

జవాబు: సంస్కృతంలో మూలం అంటే వేరు, చదరానికి భుజం దాని వేరు అన్న భావంతో వర్గమూలం అన్నారు. అరబ్బీ గణితంలో వాడిన 'జిద్ర్' అన్న మాటకూ, లాటిన్‌లో 'రాడిక్స్'కూ కూడా మొక్క వేరు అనే అర్థం. మొక్క వేరు కనబడదు, దాని మీదే మొక్క నిలుస్తుంది.

ప్రశ్న: 'వర్గం పూర్తి చేయడం' అనే మాటలో వర్గం ఏది, పూర్తి చేయడం ఏమిటి? సగం చేసి వర్గం చేసి కలపమంటారు, ఎందుకో ఎవరూ చెప్పరు. – వయసొచ్చాక మళ్లీ లెక్కలు మొదలుపెట్టిన ఒక పాఠకుడు

జవాబు: అయ్యా, దీనికి కాగితం, కత్తెర కావాలి. ఎక్స్² + 6ఎక్స్ = 16 తీసుకుందాం. భుజం ఎక్స్ ఉన్న చదరం ఒకటి కత్తిరించండి, అది ఎక్స్². పొడవు ఎక్స్, వెడల్పు 6 ఉన్న పట్టీ ఇంకొకటి, అది 6ఎక్స్. పట్టీని నిలువునా రెండుగా కోస్తే వెడల్పు 3 ఉన్న పట్టీలు రెండు. ఒకదాన్ని చదరానికి కుడి పక్కన, ఇంకోదాన్ని కింద అతికించండి. పెద్ద చదరం దాదాపు తయారైంది, కుడి దిగువ మూల మాత్రం ఖాళీ. ఆ ఖాళీ 3 × 3, అంటే 9. అది పెడితే చదరం పూర్తి. పూర్తి చేయడమంటే అదే. పట్టీని ఇద్దరికీ పంచాలి కాబట్టి సగం, మూల చదరం కాబట్టి దాని వర్గం. మనం 9 కలిపాం గనక అవతలా కలిపితే 25. పెద్ద చదరం భుజం 5, అంటే ఎక్స్ + 3 = 5, ఎక్స్ = 2.

తొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో బాగ్దాదు గణితజ్ఞుడు అల్ ఖ్వారిజ్మీ తన బీజగణిత గ్రంథంలో ఇలాగే బొమ్మలు గీసి ఎక్స్² + 10ఎక్స్ = 39 ని సాధించాడు. ఆయన జవాబు 3. రెండో మూలం −13 ఆయన రాయలేదు, భుజం పొడవు ఋణం కాదు కదా. మన లెక్కలోనూ కాగితం 2నే చూపిస్తుంది. ఎక్స్ + 3 = −5 కూడా కావచ్చని, అప్పుడు ఎక్స్ = −8 అని చెప్పడానికి కాగితాన్ని వదిలి గుర్తుల్లోకి రావాలి. అంతకు రెండు శతాబ్దాల ముందే, 628లో, బ్రహ్మగుప్తుడు ధన ఋణ సంఖ్యలనూ సున్నానూ కలపడానికీ గుణించడానికీ నియమాలు రాసి పెట్టాడు. వర్గ సమీకరణ సాధనకూ నియమం ఇచ్చాడు. కాగితం ముక్కలతో మొదలుపెట్టి అక్కడికి చేరండి. నడుమ −3, ఎడం 5.

ప్రశ్న: చిన్న ప్రోగ్రాం రాశాను. సూత్రం అక్షరం పొల్లుపోకుండా పెట్టాను. అయినా కొన్ని సమీకరణాలకు చిన్న మూలం తప్పుగా వస్తోంది, పెద్దది సరిగ్గా ఉంటోంది. సూత్రంలో లోపమా, యంత్రంలో లోపమా?

జవాబు: రెండిట్లోనూ కాదు, తీసివేతలో ఉంది. చేత్తోనే చూద్దాం. ఎక్స్² − 80ఎక్స్ + 1 = 0. విచక్షణి 6396, వర్గమూలం 79.974996 దగ్గర. మీ యంత్రం రెండు దశాంశ స్థానాలే ఉంచుకుంటుందనుకోండి: 79.97. పెద్ద మూలం (80 + 79.97)/2 = 79.985. అసలు విలువ 79.9875, తేడా అతి స్వల్పం. చిన్న మూలం (80 − 79.97)/2 = 0.015. అసలు విలువ 0.012502. ఐదో వంతు తప్పు! దాదాపు సమానమైన రెండు సంఖ్యలను తీసేసినప్పుడు ముందున్న సరైన అంకెలన్నీ రద్దయిపోయి, చివర గుండ్రం చేసిన అంకె ఒక్కటే మిగులుతుంది. మీ కంప్యూటర్ ఎక్కువ స్థానాలు ఉంచుకున్నా, బీ² విలువ 4ఏసీ కంటే మరీ పెద్దదైతే ఇదే జరుగుతుంది.

మందు లబ్ధంలో ఉంది. ముందు కూడిక వచ్చే వైపు మూలాన్ని కనుక్కోండి: −బీ ధనమైతే ±లో +, ఋణమైతే −. రెండోదాన్ని సూత్రంతో కాకుండా, సీ/ఏ ను మొదటి మూలంతో భాగించి తెచ్చుకోండి. ఇక్కడ 1/79.985 = 0.012502. అదే రెండు దశాంశాల వర్గమూలంతో ఎంత చక్కగా వచ్చిందో చూడండి. ఒక్క జాగ్రత్త: బీ, సీ రెండూ సున్నా అయితే మొదటి మూలమూ సున్నాయే. భాగించకుండా ఆ సందర్భాన్ని విడిగా రాయండి.

ప్రశ్న: గత సంచికలో ఎక్స్² − 6ఎక్స్ + 7 = 0 కు మూలాలు 3 ± 2 అని అచ్చయింది. 5, 1 పెడితే సమీకరణం సరిపోవడం లేదు. నా తప్పా, మీదా? – ముగ్గురు పాఠకులు

జవాబు: మీ తప్పు కాదు. 3 ± √2 అని ఉండాలి, అచ్చులో వర్గమూలం గుర్తు పోయింది. ప్రూఫు చూసింది నేనే, కాబట్టి క్షమాపణ నాదే. ప్రూఫులో ఎందుకు పట్టుకోలేదో కూడా చెబుతాను. మూలాల మొత్తం చూసుకున్నాను: 5 + 1 = 6, సరిపోయింది. తృప్తిపడి ముందుకు వెళ్లాను. కానీ 3 కి ఎంత కలిపి అంతే తీసేసినా మొత్తం 6 కాక ఇంకేమవుతుంది? మొత్తం సరిచూస్తే నడుమ ఒక్కటే సరిచూసినట్టు. ఎడంలో తప్పుంటే లబ్ధమే పట్టిస్తుంది: 5 × 1 = 5, 7 కాదు. (3 + √2)(3 − √2) = 9 − 2 = 7.